అందరికీ కనిపించే అడ్రస్‌కు కాపలా

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఏ సంస్థ వెబ్‌సైట్ అయినా తెరిచి పేజీ అడుగుదాకా వెళ్లండి. ఊరు, వీధి, ఫోన్ నంబరు, వాటి పక్కనే ‘ఇన్ఫో’ అనో ‘సేల్స్’ అనో మొదలయ్యే ఈమెయిల్ అడ్రస్ ఒకటి కనిపిస్తుంది. తేజ రకం టన్ను ఎంతకిస్తారని మలేషియా నుంచో వియత్నాం నుంచో అడగదలచిన కొత్త బేరగాడు రాసేది ఆ అడ్రస్‌కే. అతనెవరో సంస్థకు ముందుగా తెలియదు. కాబట్టి ఆ అడ్రస్‌ను దాచడానికి వీల్లేదు. మార్చడమూ తేలిక కాదు, విజిటింగ్ కార్డుల మీదా బిల్లు పుస్తకాల మీదా అది ఎప్పుడో అచ్చయిపోయి ఉంటుంది. సొంత మెయిల్ అడ్రస్‌ను నలుగురికే చెప్పి ఊరుకోవచ్చు. వ్యాపారం అడ్రస్ లోకమంతటికీ తెలియాలి, అయినా పనికొచ్చే స్థితిలో ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరేలా పాతికేళ్లకు పైగా కొందరు చేసిన పనితనం ఎంత చక్కనిదో, దగ్గరికి వెళ్లి చూస్తే గానీ తెలియదు.

ముందుగా ఎదుటివాడి, అంటే అక్కరలేని ప్రకటనల మెయిళ్లు (స్పామ్) కుప్పలుగా పంపేవాడి పనిముట్టు చూద్దాం. అడ్రస్‌లు ఏరే బాట్ అనేది చిన్న ప్రోగ్రామ్. వెబ్ పేజీని మనం చూసినట్టు అది చూడదు. రంగులు వేసుకోదు, బొమ్మలు దించుకోదు, పేజీలోని జావాస్క్రిప్ట్‌ను నడపదు. సర్వర్ పంపిన మూల పాఠాన్ని తీసుకుని, అందులో ఎట్ గుర్తు ఎక్కడుందో వెతుకుతుంది. దానికి ఎడమవైపు ఖాళీ లేని అక్షరాలు, కుడివైపు మధ్యలో చుక్క ఉన్న అక్షరాలు ఉంటే అడ్రస్ దొరికినట్టే. ‘మెయిల్‌టు’ లింకు ఉంటే వెతుకులాట కూడా అక్కర్లేదు. జాబితాలో రాసుకుని తర్వాతి లింకు పట్టుకుని పోతుంది. దాని బలమంతా వేగంలోనే ఉంది. ప్రతి పేజీకీ పూర్తి బ్రౌజర్‌ను నడపాలంటే మెమరీ, సమయం ఎన్నో రెట్లు ఖర్చవుతాయి, లక్షల పేజీల మీద ఆ ఖర్చు గిట్టదు. మంచి రక్షణలన్నీ ఈ తొందరను గమనించి కట్టినవే. నిజాయితీపరుడికి దాదాపు ఏమీ ఖర్చు కాని, తొందరపడేవాడికి మాత్రం భారమయ్యే పని ఏదో కనిపెట్టడంలోనే ఈ విద్య అంతా ఉంది.

అడ్రస్‌ను పేజీలో మరుగుపరచడానికి మొదట్లో వచ్చిన ఉపాయాలు మోటువి. గుర్తు బదులు ‘ఎట్’ అని, చుక్క బదులు ‘డాట్’ అని అక్షరాల్లో రాయడం ఒకటి. అడ్రస్‌ను బొమ్మగా చేసి పెట్టడం ఇంకొకటి. బొమ్మను బాట్ చదవలేదు, నిజమే. చూపు లేనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా చదవలేదు. కాపీ చేసుకుందామన్నా కుదరదు. కొనేవాడిని ఇబ్బంది పెట్టే రక్షణ వ్యాపారానికి నష్టమే. మూల పాఠంలో అడ్రస్‌ను తిరగేసి రాసి, తెరమీద కుడి నుంచి ఎడమకు చూపమని స్టైల్ షీట్‌లో చెప్పే పద్ధతి ఇంకాస్త తెలివైనది. కంటికి సరిగ్గానే కనిపిస్తుంది, కాపీ చేసి అతికిస్తే మాత్రం తలకిందులుగా వస్తుంది.

క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన ద్వారా నడిచే వెబ్‌సైట్లకు ఇచ్చే పద్ధతిలో ఈ లోపాలు చాలావరకు తీరాయి. సర్వర్ నుంచి పేజీ బయలుదేరి దారిలో ఉండగానే అందులోని అడ్రస్‌ను తీసేసి, దాని స్థానంలో అంకెల వరుస ఒకటి పెడతారు. అడ్రస్‌ను తిరిగి కట్టే చిన్న జావాస్క్రిప్ట్‌ను వెంట పంపుతారు. కొనేవాడి బ్రౌజర్ దాన్ని క్షణంలో నడిపి అడ్రస్‌ను యథాస్థానంలో నిలబెడుతుంది. నొక్కితే పనిచేస్తుంది, కాపీ అవుతుంది, చదివే సాఫ్ట్‌వేర్‌కూ వినిపిస్తుంది. స్క్రిప్ట్ నడపని బాట్‌కు దొరికేది అంకెల వరుసే.

ఆ అంకెలు ఎలా పుడతాయో ఒక్క అక్షరం పట్టుకుని చూద్దాం. ఇంగ్లిష్‌లో ‘ఇన్ఫో’ రాస్తే మొదటి అక్షరం ఐ. చిన్న ఐకి కంప్యూటర్‌లో సంఖ్య 105. ఏదో ఒక తాళం సంఖ్య తీసుకుంటారు, 66 అనుకుందాం. రెండింటినీ బిట్లుగా రాస్తే 1101001, 1000010. పైనా కిందా ఒకటే అంకె ఉన్న చోట 0, వేరుగా ఉన్న చోట 1 వేస్తే 0101011 వస్తుంది. అంటే 43. ఎక్స్ఓఆర్ అనే లెక్క ఇదే. ఇదే వరుసలో ఎన్‌కు 44, ఎఫ్‌కు 36, ఓకు 45, ఎట్ గుర్తుకు 2 వస్తాయి. బాట్ వెతికే గుర్తే అక్కడ లేకుండా పోయింది. ఇప్పుడు 43కూ అదే 66కూ మళ్లీ ఇదే లెక్క వేస్తే 105 తిరిగి వస్తుంది. మూయడానికీ తీయడానికీ ఒకటే లెక్క సరిపోవడం ఇందులోని సొగసు, స్క్రిప్ట్ అంత చిన్నదిగా ఉండటానికి కారణమూ అదే. తాళం సంఖ్యను ఎక్కడో దాచరు, వరుసలో మొట్టమొదటి సంఖ్యగా దాన్నే రాస్తారు. రహస్యం కాపాడటం ఇక్కడ ఉద్దేశం కాదు. కావాలనుకున్నవాడు కాసేపట్లో విప్పుకోగలడు. కానీ దానికోసం ఆగి, ప్రత్యేకంగా ప్రోగ్రామ్ రాయాలి. ఎవరికి ఎంత అడ్డు కావాలో అంతే పెట్టి ఊరుకోవడం మంచి పనివాడి లక్షణం.

క్లౌడ్‌ఫ్లేర్ వెనక ఇంకో కథ ఉంది. 2004లో మాథ్యూ ప్రిన్స్, లీ హాలోవే కలిసి ప్రాజెక్ట్ హనీ పాట్ మొదలుపెట్టారు. వెబ్‌సైట్ నడిపేవారు తమ సైట్‌లో ఒక ఎర పేజీ పెట్టుకుంటారు. దానికి వెళ్లే లింకు మనుషుల కంటికి కనిపించదు, బాట్‌కు మాత్రం దొరుకుతుంది. ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ కొత్త ఈమెయిల్ అడ్రస్ ఒకటి పుట్టి అందులో కనిపిస్తుంది. ఏ ఐపీ (నెట్‌లో కంప్యూటర్‌ను గుర్తించే నంబరు) నుంచి, ఏ క్షణాన వచ్చినవాడికి ఆ అడ్రస్ చూపించారో రాసిపెడతారు. ఆ అడ్రస్ లోకంలో ఇంకెవరికీ తెలియదు. కొన్నాళ్లకు దానికి స్పామ్ వచ్చిందంటే, ఏరినవాడెవరో, పంపినవాడెవరో రెండు కొసలూ దొరుకుతాయి. అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ఇలా అడ్రస్‌లు ఏరడాన్ని నేరాన్ని పెంచే అంశంగా లెక్కిస్తుంది కాబట్టి, ఆ రెండు కొసలకూ విలువ ఉంది. ఈ పని చేసిన చేతులే మిషెల్ జాట్లిన్‌తో కలిసి తర్వాత క్లౌడ్‌ఫ్లేర్‌ను కట్టాయి.

కొందరు అడ్రస్ బదులు వెబ్‌సైట్‌లో ఫారం పెడతారు. అప్పుడు బాట్‌లు ఫారాలే నింపి పంపుతాయి. దీనికి వాడే ఎర గడి చూడటానికి సులువు, సరిగ్గా చేయడానికి మాత్రం ఓపిక కావాలి. పేరు, మెయిల్, సందేశం అనే గడుల మధ్య ‘వెబ్‌సైట్’ అనే గడి ఇంకొకటి పెట్టి, మనుషులకు కనిపించకుండా చేస్తారు. అది నిండి వచ్చిందంటే నింపింది బాటే. ఫారాల్లో దాపుడు గడి అనే రకం ముందే ఉంది, కానీ బాట్‌లు వాటిని గుర్తుపట్టి వదిలేస్తాయి. అందుకని మామూలు గడినే పెట్టి, స్టైల్ షీట్‌తో తెర అంచు అవతలికి జరుపుతారు. ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్లేవారు అందులో చిక్కుకోకుండా దాన్ని ఆ వరుసలోంచి తప్పిస్తారు. పేజీని వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవకుండా ఆపుతారు. బ్రౌజర్ తనంతట తానే నింపేయకుండా చెబుతారు. ఈ మూడిట్లో ఏది మరిచినా వలలో పడేది మనిషే. బాట్‌ను పట్టుకోవడం ఒక్క వాక్యంలో తేలిపోయే పని, మిగతా శ్రద్ధంతా మనిషి పడకుండా చూడటానికే.

ఇంత చేసినా అడ్రస్ ఒకనాటికి బయటపడుతుంది. అసలు ఏరకుండానే ఊహించవచ్చు కూడా. సంస్థలు ఏ పనికి ఏ పేరు వాడాలో చెబుతూ 1997 మేలో డేవ్ క్రాకర్ రాసిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 2142లోనే ‘ఇన్ఫో’, ‘సేల్స్’, ‘సపోర్ట్’ ఉన్నాయి. కొత్తవాడు సైతం ఎవరినీ అడగకుండా సరైన చోటికి రాయగలగాలన్నది దాని ఉద్దేశం. ఆ సౌకర్యం స్పామర్‌కూ అందుతుంది. కాబట్టి అసలు కాపలా మెయిల్ సర్వర్ గుమ్మం దగ్గరే కాయాలి.

ఆ గుమ్మం దగ్గర నాకు అన్నిటికన్నా బాగా నచ్చిన పనితనం పోస్ట్‌స్క్రీన్. పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌ను రాసిన వీట్సె వెనెమా దీన్ని 2011లో 2.8 వెర్షన్‌తో పాటు విడుదల చేశాడు. మెయిల్ సర్వర్ల సంభాషణకు పద్ధతి ఉంది. పంపేవాడు కనెక్ట్ అయ్యాక ఊరుకోవాలి. తీసుకునే సర్వర్ 220 అనే అంకెతో పలకరించాక తన పేరు చెప్పుకోవాలి. పలకరింపు ఒక వరుసలో ముగియకపోతే 220 పక్కన అడ్డగీత ఉంటుంది, చివరి వరుసలో ఆ గీత బదులు ఖాళీ ఉంటుంది. ఈ చిన్న గీతనే వెనెమా పట్టుకున్నాడు. పోస్ట్‌స్క్రీన్ ముందుగా గీత ఉన్న వరుస ఒకటి పంపి, ఆరు సెకన్లు మౌనంగా ఉంటుంది. పద్ధతిగా రాసిన సర్వర్ ‘ఇంకా వరుస రావాలి’ అని ఆగుతుంది. వైరస్ సోకిన కంప్యూటర్లలో కూర్చున్న స్పామ్ ప్రోగ్రామ్‌కు అంత తీరిక ఉండదు. మనం ఫోన్ ఎత్తి హలో పూర్తిగా అనకముందే పాఠం అప్పజెప్పేవాడిలా మాట్లాడేస్తుంది. అక్కడే దొరికిపోతుంది.

ఆ ఆరు సెకన్లనూ అది వృథా చేయదు. అదే సమయంలో వచ్చినవాడి ఐపీ స్పామ్ పంపేవారి నల్లజాబితాల్లో ఉందేమో వాకబు చేస్తుంది. పరీక్ష నెగ్గినవాడిని ఒక రోజు గుర్తుంచుకుంటుంది, ఆ లోపల మళ్లీ వస్తే ఆగాల్సిన పని ఉండదు. ఇంకో సంగతి. మెయిల్ తీసుకునే అసలు ప్రోగ్రామ్‌లు ఒక్కో కనెక్షన్‌కు ఒకటి చొప్పున కావాలి, అవి బరువైనవి. పోస్ట్‌స్క్రీన్ మాత్రం ఒక్కటే ఉండి వందల కనెక్షన్లను తానే చూసుకుంటుంది. అక్కరలేనివాళ్లు దాని దగ్గరే ఆగిపోతే లోపలి ప్రోగ్రామ్‌లు నిజమైన మెయిల్ కోసం ఖాళీగా ఉంటాయి.

నల్లజాబితాను అడిగే తీరు కూడా ముచ్చటైనది. 1997లో పాల్ విక్సీ మొదలుపెట్టిన జాబితా, 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ స్థాపించిన స్పామ్‌హౌస్ ఈ దారిని స్థిరపరిచాయి. కొత్త యంత్రాంగమేదీ కట్టకుండా, వెబ్‌సైట్ పేర్లను వెతికిపెట్టే డీఎన్ఎస్‌నే వాడుకున్నారు. వచ్చినవాడి ఐపీ 192.0.2.25 అనుకుందాం. దాన్ని తిరగేసి 25.2.0.192 అని రాసి, చివర జాబితా పేరు తగిలించి, ఆ పేరుతో ఎవరైనా ఉన్నారా అని డీఎన్ఎస్‌ను అడుగుతారు. తిరగేయడం ఎందుకంటే, ఐపీలో పెద్ద భాగం ఎడమన ఉంటే, డీఎన్ఎస్ పేర్లలో పెద్ద భాగం కుడిన ఉంటుంది. ‘అలాంటి పేరు లేదు’ అని వస్తే అతను జాబితాలో లేనట్టు. 127తో మొదలయ్యే జవాబు వస్తే ఉన్నట్టు, చివరి అంకెను బట్టి ఎందుకున్నాడో కూడా తెలుస్తుంది. ఒకసారి వచ్చిన జవాబును డీఎన్ఎస్ కొంతసేపు దాచుకుంటుంది కాబట్టి రెండోసారి అడగడానికి దూరం వెళ్లక్కర్లేదు. ఇక్కడ సర్వర్ అమర్చేవాళ్లకు ఒక మాట. అందరూ వాడే పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడిగితే స్పామ్‌హౌస్ 127.255.255.254 అని తిరుగు జవాబు ఇస్తుంది. ‘ఈ దారిన అడగవద్దు’ అని దాని అర్థం. ఏ జవాబు వచ్చినా జాబితాలో ఉన్నట్టేనని సర్వర్‌కు చెప్పి ఉంటే, ఆ రోజు నుంచి ఒక్క మెయిలూ లోపలికి రాదు. అందుకే 127.0.0.2 నుంచి 127.0.0.11 దాకా ఉన్న జవాబులనే లెక్కలోకి తీసుకోమని రాస్తారు.

ఇవాన్ హారిస్ 2003లో ప్రతిపాదించిన గ్రేలిస్టింగ్ ఇంకా సాదాగా ఉంటుంది. జాన్ పోస్టెల్ 1982లో రాసిన మెయిల్ నియమాల్లోనే 4తో మొదలయ్యే జవాబుకు ‘ఇప్పుడు కాదు, మళ్లీ రా’ అని, 5తో మొదలయ్యే జవాబుకు ‘ఇక రావద్దు’ అని అర్థం. హారిస్ మూడు విషయాలు రాసుకోమన్నాడు: వచ్చిన ఐపీ, పంపినవారి అడ్రస్, చేరాల్సిన అడ్రస్. ఈ మూడిటి కూర్పు కొత్తదైతే 4 జవాబు ఇచ్చి పంపేయాలి. నిజమైన సర్వర్ మెయిల్‌ను తన వరుసలో ఉంచుకుని కాసేపటికి మళ్లీ వస్తుంది. వరుస నడపడం స్పామ్ ప్రోగ్రామ్‌కు బరువు, అది తర్వాతి అడ్రస్‌కు వెళ్లిపోతుంది.

ఇందులో హారిస్ పెట్టిన గడువులు చూస్తే మనిషి ఎంత ఆలోచించాడో అర్థమవుతుంది. ఒకసారి నెగ్గిన కూర్పును 36 రోజులు గుర్తుంచుకోమన్నాడు. నెలకు 30 సరిపోతాయి కదా అనిపిస్తుంది. నెలనెలా మొదటి సోమవారం మెయిల్ పంపే సంస్థ ఉందనుకోండి. రెండు మొదటి సోమవారాల మధ్య ఒక్కోసారి 28 రోజులు, ఒక్కోసారి 35 రోజులు వస్తాయి. 35 దాటి ఒక్క రోజు ఎక్కువ పెడితే అలాంటివారు ప్రతి నెలా కొత్తవాళ్లలా గుమ్మం బయట నిలబడాల్సిన అవసరం రాదు. కాలం మారాక దీనికి ఇబ్బందులూ వచ్చాయి. పెద్ద మెయిల్ సంస్థలు రెండోసారి వేరే ఐపీ నుంచి వస్తాయి, ఓటీపీ మెయిల్ ఆలస్యమైతే పనికిరాదు. అందుకే ఇప్పుడు దీన్ని అందరి మీదా కాక అనుమానం కలిగినవారి మీదే వాడటం మేలు. ధర అడిగే మెయిల్ అరగంట ఆగితే బేరమేమీ చెడదు.

పంపినవాడు చెప్పుకున్న డొమైన్ పేరు నిజంగా అతనిదేనా అని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ గురించి ఎక్కువ చెప్పను. అవి మెయిల్ మంచిదని చెప్పవు. కానీ సంస్థ తన డొమైన్‌కు వాటిని తప్పక పెట్టుకోవాలి. బహిరంగంగా ఉన్న ‘సేల్స్’ అడ్రస్‌నే పంపినవాడిగా చూపించి, బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇక్కడికి వేయండి అని కొనేవాళ్లకు రాసే మోసగాళ్లను అడ్డుకోవడానికి అవి కావాలి.

గుమ్మాలన్నీ దాటి లోపలికి వచ్చిన మెయిల్‌ను చివరికి మాటలను బట్టి తూచాలి. 2002 ఆగస్టులో పాల్ గ్రహామ్ రాసిన వ్యాసంతో ఈ పద్ధతి ఇంటింటికీ చేరింది. మంచి మెయిళ్ల కుప్ప ఒకటి, స్పామ్ కుప్ప ఒకటి పెట్టుకుని, ఏ మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తారు. దాన్ని బట్టి ప్రతి మాటకూ 0కీ 1కీ మధ్య ఒక విలువ వస్తుంది. కొత్త మెయిల్ రాగానే అందులో ఎటో ఒకవైపు గట్టిగా మొగ్గే 15 మాటలను తీసుకుని, వాటి విలువల నుంచి మెయిల్‌కు ఒకే విలువ లెక్కగడతారు. అది 0.9 దాటితే స్పామ్. మంచి మెయిల్ పోవడం స్పామ్ రావడం కన్నా పెద్ద నష్టం కాబట్టి, మంచి కుప్పలోని లెక్కను గ్రహామ్ రెట్టింపు చేశాడు. ఎన్నడూ చూడని మాటకు సగం కాకుండా 0.4 ఇచ్చాడు, స్పామ్ మాటలు ఎలాగూ పాతవే అయి ఉంటాయని. ఎర్ర రంగును సూచించే ‘ఎఫ్ఎఫ్0000’ అనే కోడ్ బూతు మాటలతో సమానంగా స్పామ్‌ను పట్టిస్తోందని ఆ లెక్క తానుగా కనుక్కుంది. మనిషి రాసే నియమాల్లో అది ఎవరికి తట్టేది?

వ్యాపారం అడ్రస్‌కు ఈ పద్ధతి ఎందుకంత బాగా నప్పుతుందంటే, ప్రతి సంస్థకూ తన మాటలు ఉంటాయి. మిర్చి సంస్థ మంచి కుప్పలో తేజ, 334 అనే రకాల పేర్లు, ఆస్టా రంగు విలువ, కంటైనర్ లాంటివి నిండి ఉంటాయి. ‘ఉచితం’ అనే మాట విలువ 0.95, ‘తేజ’ విలువ 0.02 అనుకుందాం. ఆ రెండే ఉన్న మెయిల్ లెక్క చూడండి. 0.95ను 0.02తో గుణిస్తే 0.019. వాటి మిగులు భాగాలు 0.05ను 0.98తో గుణిస్తే 0.049. మొదటిదాన్ని రెండిటి మొత్తంతో భాగిస్తే దాదాపు 0.28 వస్తుంది. ఉచితంగా శాంపిల్ పంపుతారా అని అడిగినవాడు క్షేమంగా లోపలికి వస్తాడు. ఈ తూకం చెడకుండా ఉండాలంటే ఆఫీసులో మెయిల్ చూసేవాళ్లు ఒక క్రమం పాటించాలి. తామే ఎప్పుడో నమోదు చేసుకుని ఇప్పుడు విసుగెత్తిన వార్తాలేఖను స్పామ్ బటన్ నొక్కి వదిలించుకోకూడదు, స్పామ్ ఫోల్డర్‌లో పడిన మంచి మెయిల్‌ను చదివి ఊరుకోకుండా ‘స్పామ్ కాదు’ అని గుర్తు పెట్టాలి.

ఇప్పుడు అన్నిటినీ ఒక వరుసలో పెట్టి చూస్తే అమరిక కనిపిస్తుంది. చవక పరీక్ష ముందు, ఖరీదైనది తర్వాత. ఆరు సెకన్ల మౌనానికి ఖర్చు దాదాపు లేదు, మెయిల్ మొత్తం చదివి 15 మాటలు తూచడానికి ఉంది. ముందు మెట్ల దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు కాబట్టి చివరి మెట్టు దగ్గర తీరికగా, జాగ్రత్తగా తూచవచ్చు. గుమ్మం దగ్గరి పరీక్షలు పంపినవాడి నడతను చూస్తాయి, లోపలిది రాసిన మాటలను చూస్తుంది. ఒకదాన్ని మోసం చేసే ఉపాయం రెండోదాని దగ్గర అక్కరకు రాదు.

కాదనాల్సి వచ్చినప్పుడు ఎక్కడ కాదంటారన్నది కూడా పనితనంలో భాగమే. మెయిల్‌ను తీసుకుని ఆ తర్వాత చప్పుడు లేకుండా పారేస్తే, పొరపాటున ఆగిన నిజమైన కొనుగోలుదారు జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. కనెక్షన్ నడుస్తుండగానే 550 అని చెబితే, ఆ కబురు అతని సర్వర్ ద్వారా అతనికే చేరుతుంది. 550 పక్కన ఏం రాయాలన్నది సంస్థ ఇష్టం. శ్రద్ధగల అడ్మిన్ అక్కడ ‘మీ మెయిల్ మాకు అందలేదు, దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని రాసి ఆఫీసు నంబరు ఇస్తాడు. స్పామ్ ప్రోగ్రామ్ ఆ వరుసను చదవదు, కొనేవాడు చదువుతాడు.